వెనక నుంచి పిలిస్తే

ఉజ్బెకిస్తాన్‌లో పది నెలలు ఉండి వచ్చినవాణ్ణి ఏం తెచ్చావని అడగడం న్యాయమే. రెండు కిలోల ఎండు ఖుబానీలు తెచ్చాను. వాడటానికి మనసొప్పనంత అందమైన చాకు ఒకటి తెచ్చాను. నారింజ రంగు స్పాంజి బిరడాలు నిండిన అట్టపెట్టె ఒకటి తెచ్చాను. ఖుబానీలు వారంలో అయిపోయాయి. చాకును మా వదిన దేవుడి పటాల పక్కన పెట్టింది, దానికి ఇంట్లో వేరే చోటు దొరక్క. బిరడాల పెట్టెను చూసి మాత్రం సూరత్ డిండోలిలో మా గల్లీవాళ్లు ఏమీ అనలేదు. విదేశం వెళ్లి వచ్చినవాడు, కొన్నాళ్లు ఇలాగే ఉంటాడని సరిపెట్టుకున్నట్టున్నారు.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి గొంతు గురించి చెప్పాలి.

మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు మరమగ్గాల పనికి వచ్చాడు, రెండేళ్లుండి పోదామని. నేను డిండోలిలో పుట్టడాన్ని బట్టి ఆ రెండేళ్లు ఎంతవరకు సాగాయో ఊహించుకోవచ్చు. ఇప్పుడు నాయనా లేడు, అమ్మా లేదు. ఇంట్లో అన్న, వదిన, నేను. అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పదిహేనో ఏట సాంచా ముందు నిలబడ్డాడు. సాంచా అంటే మరమగ్గం. అవి వరసలుగా నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. అన్న అక్కడ పనిచేస్తుంటే నేను కాలేజీకి వెళ్లి బీకాం చదివాను. కాబట్టి సాంచా చప్పుడు ఆయన వాటాకు, దాని గురించి తీరిగ్గా వాక్యాలు రాసుకోవడం నా వాటాకు వచ్చాయి.

ఖాతాలో మాట వినపడదు. నలభై సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నప్పుడు పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వాడికి గాలి తగులుతుంది, అంతే. అందుకని అక్కడ అందరూ పెదాలు చూసి మాట అందుకుంటారు. దాన్ని ఎవరూ నేర్పరు, ఎవరూ విద్య అని కూడా అనుకోరు. ఇందులో మా అన్న ఘనుడు. ఆయనకు ఒడియా రాదు, కానీ ఒడియావాళ్ల పెదాలు వస్తాయి. షెడ్డు ఆ చివర ఇద్దరు తన గురించి ఏదైనా అనుకుంటే ఈ చివర నుంచి జవాబు చెప్పేవాడు. ఆ జవాబు వాళ్లు కూడా పెదాల మీదే చదువుకునేవాళ్లు కాబట్టి ఏ భాషలో చెప్పాడన్న పట్టింపు ఉండేది కాదు.

పన్నెండు గంటలు అలా గడిపి ఇంటికొచ్చాక గొంతు తగ్గించాలని ఎవరికి తోస్తుంది? మా గల్లీలో ఉప్పు అడిగినా కొట్లాటలాగే ఉంటుంది. ముప్పై మూడేళ్ల పాటు నాకది మామూలుగానే అనిపించింది. మామూలు కాదని తెలుసుకోవడానికి విమానం ఎక్కాల్సి వచ్చింది.

నేను పనిచేసే కంపెనీ మగ్గాలు అమ్ముతుంది. ఉజ్బెకిస్తాన్‌లో ఒక చిన్న పట్టణంలో కొత్త మిల్లుకు అమ్మింది. మగ్గాలతో పాటు ఇద్దరు ఫిట్టర్లనూ, కాగితాల పని చూడటానికి నన్నూ పంపింది. నన్నే ఎందుకంటే, నాకు నాలుగు భాషలు వస్తాయని: తెలుగు, హిందీ, గుజరాతీ, ఇంగ్లిషు. ఆ పట్టణంలో ఈ నాలుగింట్లో ఒక్కటీ ఎవరికీ రాదని దిగాక తెలిసింది.

ఫిట్టర్లకు మిల్లులోనే గదులిచ్చారు. నాకు ఒక ముసలావిడ ఇంట్లో గది దొరికింది. ఆమె బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాకిట్లో ద్రాక్ష పందిరి, పందిరి కింద మంచంలాంటి పెద్ద చెక్క అరుగు. అక్కడ రొట్టెను బోర్లా పెట్టకూడదు. నాకు తెలియక పెట్టాను. ఆమె వచ్చి తిప్పి పెట్టి వెళ్లింది, ఒక్క మాట అనకుండా. మర్నాడూ అంతే. మూడో రోజు నేనే సరిగ్గా పెట్టాను. ఆమె వాకిలి అవతల నుంచి తలూపింది, ఎలాగో గట్టెక్కిన విద్యార్థిని చూసినట్టు.

ఆ ఇంట్లో చప్పుడు లేదు. ఎంత లేదంటే, మూడిళ్లవతల ఎవరైనా తలుపు వేస్తే అది వీధి తలుపో వంటింటి తలుపో చెప్పొచ్చు. మొదటి వారం నాకు తిక్కగా ఉండేది. ఏదో పాడైంది, ఎవరూ బాగుచేయడం లేదు అనిపించేది. తర్వాత కుతూహలం మొదలైంది. చాయ్ పోస్తుంటే కప్పు నిండే కొద్దీ ధ్వని మారుతుందని నాకు ఆ ఊళ్లో తెలిసింది. డిండోలిలో చాయ్ నిండిందని చేయి కాలితే తెలుస్తుంది.

రోజూ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసేవాణ్ణి. విదేశమన్నాక కాలంలో గొప్ప తేడా ఉంటుందని ఆశపడ్డాను గానీ, మాకూ వాళ్లకూ అరగంటే. ఒక రోజు ఫోన్ పెట్టేశాక ఇంటావిడ తన ఫోన్ తీసుకుని వచ్చింది. ఆమె తన భాషలో మాట్లాడితే అది హిందీలో చదివి వినిపిస్తుంది. ఆమె చెప్పింది, ఫోన్ గంభీరంగా అడిగింది: మీ ఇంట్లో ఆస్తి పంపకాలు ఎప్పటికి పూర్తవుతాయి?

ఆ రోజు మేము మాట్లాడుకున్నది వంకాయ కూర గురించి. అదే చెప్పాను. ఫోన్ ఆమెకు ఏం చెప్పిందో తెలియదు. ఇంటి గుట్టు బయటపెట్టుకోని మర్యాదస్తుణ్ణి చూసినట్టు నన్ను చూసి, ఒక ఖర్బూజా ముక్క తెచ్చిచ్చింది.

మర్నాటి నుంచి గొంతు తగ్గించాను. ఆమె కోసం. అసలు కథ అక్కడ మొదలైంది.

నేను మెల్లగా మాట్లాడితే వదినకు వినపడలేదు. "ఏమైందయ్యా నీకు, జర గట్టిగ మాట్లాడు. పానం మంచిగ లేదా?" అని కేకలేసింది. అన్న మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా జవాబు చెబుతున్నాడు. నేను గుసగుసలాడినా చెబుతున్నాడు. ఔరా, ఏమి చెవులు అనుకున్నాను. రెండు రోజులు దాన్ని మెచ్చుకుంటూ గడిపాను కూడా.

మూడో రోజు నెట్‌వర్క్ సరిగా లేదు. నా బొమ్మ అక్కడ ఆగిపోయింది, మాట మాత్రం వెళ్తూనే ఉంది. వెళ్తోందని నాకెలా తెలుసంటే, వదిన కోసం కాస్త పెంచిన గొంతుతో నేను అడిగినదానికి వెనక నుంచి ఆమె జవాబు చెబుతోంది. అన్న మాత్రం ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూ, "ఆవాజ్ కట్ అయింది రా, ఏం ఇనవడ్తలేదు" అంటున్నాడు. బొమ్మ కదలగానే మళ్లీ సంభాషణలోకి వచ్చేశాడు.

ఒకసారైతే నెట్‌వర్క్ అనుకోవచ్చు. నాలుగుసార్లు అయ్యాక చిన్న పరీక్ష పెట్టాను. మర్నాడు చాయ్ కప్పు నోటికి అడ్డం పెట్టుకుని, తాగుతున్నట్టు నటిస్తూ, అన్న వంక చూస్తూనే అడిగాను: "అన్నా, ఇయ్యాల ఖాతా చాలూ ఉండెనా?"

అన్న ఓపిగ్గా నన్నే చూస్తూ ఉన్నాడు. "ఏందిరా, చాయ్ తాగుడేనా? మాట్లాడవేంది?"

"చాలూ ఉండె అని చెప్పుండ్రి" అంది వదిన గొంతు వెనక నుంచి.

కప్పు దించాను. చాయ్ చల్లారిపోయింది. అన్నకు చెవులు పోతున్నాయి. ఆ మాట నా బుర్రలో ముందు తెలుగులో, తర్వాత హిందీలో, తర్వాత గుజరాతీలో, చివరికి ఇంగ్లిషులో తిరిగింది. నాలుగు భాషల మనిషిని.

మా వాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఇది. వేరే ఇంట్లో ఐతే మనిషికి వినపడటం లేదని వారంలో తెలుస్తుంది. మా దగ్గర అందరం అరుస్తాం, అందరం ఎదుటివాడి నోరు చూస్తూ మాట్లాడతాం, ఎవరైనా పలక్కపోతే సాంచా చప్పుడు అనుకుంటాం. ఇంతమంది పెదాలు చదివేవాళ్ల మధ్య ఒక మనిషి చెవుడు దాచుకోవాల్సిన పని కూడా లేదు. అది దానంతటదే దాగి ఉంటుంది.

మిగిలిన నాలుగు నెలలూ పాత సంగతులు గుర్తు తెచ్చుకుంటూ గడిపాను. మాస్కుల రోజుల్లో అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. లోకం కష్టం మనసుకు తగిలిందనుకున్నాం. ఫోన్ మోగితే వదిన చేతికిస్తాడు. పెద్దరికం అనుకున్నాం. అన్నిటికంటే విచిత్రం మా కింది వాటా ఆయన. అన్నకు ఆయనతో పడదు, ఎందుకో ఎవరికీ తెలియదు. "వాడు సాఫ్ మనిషి గాదు, లోపటొకటి బయటొకటి" అనేవాడు. ఆయన నిజానికి చాలా మంచివాడు. కాకపోతే పెదాలు కనపడనంత మీసం ఉంది.

ఆ ఉజ్బెక్ మిల్లులో గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉండేది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ అందులోంచి రెండు బిరడాలు తీసి, వేళ్లతో నలిపి చెవుల్లో పెట్టుకోవాలి. లేకపోతే గుమ్మం దాటనివ్వరు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. అక్కడ మగ్గాల మీద ఎక్కువగా ఆడవాళ్లే. చెవుల్లో బిరడాలు పెట్టుకుని, మగ్గానికీ మగ్గానికీ మధ్య పెదాలతో ఏవో ముచ్చట్లు చెప్పుకుని పడీ పడీ నవ్వేవాళ్లు. వాళ్ల నోళ్లు చూస్తూ, అచ్చం మా ఖాతాలాగే ఉందే అనుకున్నాను చాలా రోజులు. మా ఖాతాలో లేనిదేదో వాళ్ల చెవుల్లో ఉందని ఆలస్యంగా వెలిగింది.

ఇంకో ఏడాది ఉండమన్నారు. తిండి పడటం లేదని చెప్పాను. అది అబద్ధమని నా పొట్ట చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అసలు కారణం, నాకు ఒక్కసారి అన్న వెనక నిలబడి పిలవాలని ఉంది. వీసా కాగితాల్లో దానికి గడి లేదు. వచ్చేముందు మిల్లువాళ్లను అడిగి ఒక పెట్టె బిరడాలు తీసుకున్నాను. ఇంటావిడ రొట్టెలు కట్టిచ్చింది. ఫోన్ ద్వారా ఒక మాట కూడా చెప్పింది: వెళ్లి రాజీ పడండి.

ఢిల్లీలో దిగి రైల్లో సూరత్ వచ్చాను. ప్లాట్‌ఫారం మీద అన్న కనపడ్డాడు, ఇంకా ఇరవై అడుగుల దూరంలో. పైన అనౌన్స్‌మెంట్ మూడు భాషల్లో మోగుతోంది. 'తల బాగా నెరిసింది' అనుకున్నాను, పైకే అన్నట్టున్నాను. "నీకు పొట్ట రాలేదా?" అన్నాడు అంత దూరం నుంచే.

మర్నాడు సాయంత్రం అన్న కిటికీ వైపు తిరిగి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను వెనక నిలబడ్డాను. నాలుగు నెలల కోరిక తీరబోతోందంటే కొంచెం భయమే వేసింది.

"అన్నా" అన్నాను, ద్రాక్ష పందిరి కింద అలవాటైన గొంతుతో. ఏమీ లేదు. "అన్నా" అన్నాను డిండోలి గొంతుతో. కింద మీసాలాయన వాకిట్లోకి వచ్చి పైకి చూశాడు. అన్న చాయ్ తాగుతూనే ఉన్నాడు. మూడోసారి ఉజ్బెక్ ఇంటావిడకు గుండె ఆగేంత గట్టిగా పిలిచాను. అప్పుడు తిరిగాడు. "ఆఁ, వచ్చినవా?" అన్నాడు, మొదటిసారి పిలిచినట్టే.

వంటింట్లోకి వెళ్లి వదినకు చెప్పాను. ఆమె చేతిలో చపాతీ ఆగిపోయింది.

"చెవుడా? నాకేం ఎరుక? మొగోళ్లందరు గిట్లనే ఉంటరనుకున్న."

"ఇన్నేళ్లుగా నువ్వు చెప్పిందానికి పలక్కపోతే ఏమనుకున్నవ్ వదినా?"

"ఇష్టం లేక పలుకుతలేడనుకున్న" అంది. పెనం మీది చపాతీ మాడింది. మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. "నేను ఎన్ని మాటలన్ననో మీ అన్నను" అంది తర్వాత.

ఆదివారం సాయంత్రం డుమస్ రోడ్డుకు వెళ్లాం. సూరత్‌లో ఆదివారం ఇంట్లో వండుకుని తినడం ఏదో మొక్కు ఉన్నవాళ్లు చేసే పని. మిగతావాళ్లం రోడ్డు పక్కన దుప్పటి పరుచుకుని, పోయే బండ్లను చూస్తూ తింటాం. వదిన డబ్బాలు విప్పింది. నేను అన్న ఎదురుగా కూర్చుని విషయం చెప్పాను.

"నాకు చెవుడేందిరా? ఇప్పుడు నువ్వన్నది ఇనవడ్తలేదా నాకు?"

"రోడ్డు దిక్కు చూస్కుంట మాట్లాడు."

రోడ్డు వైపు చూశాడు. నేను మాట్లాడాను. ఒక బస్సు పోయింది, రెండు కార్లు పోయాయి. ఆయన ఇటు తిరగలేదు. ఏమన్నానో అడగలేదు. చివరికి చేతిలోని రొట్టె ముక్కను కిందపెట్టి, ఎవరికో చెప్పినట్టు చెప్పాడు.

"కుడి దిక్కు ఇనవడక ఏడెనిమిదేండ్లయింది. ఎడమ దిక్కు మొన్నమొన్నటిదాంక మంచిగనే ఉండె. గీ సంగతి ఖాతల తెలిస్తే ఏమైతది? నేను మాస్టర్‌ను రా. సాంచా సప్పుడు ఇని దాని రోగం చెప్పేటోన్ని. చెవుడు డాక్టర్ కాడికి ఎవడొస్తడు?"

మాస్టర్ అంటే ఖాతాలో సాంచాలు బాగుచేసే పెద్ద. పాతికేళ్లు నిలబడి సంపాదించిన పేరు అది. అది పోతే మళ్లీ వరసలో నిలబడాలి, నలభై ఐదేళ్ల వయసులో, కుర్రాళ్ల పక్కన.

"ఎడమది గూడ పోతే?" అన్నాను.

అన్న డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. నా నోరు చూశాడు, కాబట్టి వినపడలేదని కాదు.

"పరీక్ష చేపిద్దాం అన్నా. ఎంతుందో తెలుస్తది."

"పాసైతే మల్ల ఈ మాటెత్తవు గదా?"

"ఎత్తను."

"సరే" అన్నాడు, గెలుపు మీద ధీమాతో. ఆ ధీమా ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఉధనా దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో చెవుల పరీక్ష చేస్తారు. పరీక్ష చేసే అమ్మాయి గుజరాతీ పిల్ల, మొన్ననే చదువు ముగించినట్టుంది. అన్నను అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చేతికొక బటన్ ఇచ్చింది. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. తాను అద్దం ఇవతల మెషిన్ ముందు కూర్చుంది.

అన్న నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కుడి చెవి, ఎడమ చెవి, ఒక్కటి తప్పలేదు. అమ్మాయి కూతను తగ్గిస్తూ పోయింది. అన్న నొక్కుతూనే ఉన్నాడు. ఆమె చివరికి తన మెషిన్‌ను అనుమానంగా చూసి, నా వైపు తిరిగి, కాకాకు నాకంటే బాగా వినపడుతోంది అంది.

నాకు ఒక్క క్షణం నిజంగానే ఆశ పుట్టింది. తర్వాత అద్దంలోంచి అన్న కళ్లు చూశాను. ఆయన ఆ అమ్మాయి వేలిని చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు సాంచా మీద దారం తెగిన క్షణాన్ని కంటితో పట్టుకున్న మనిషి. ఆ పిల్ల వేలు మీట మీద వాలడం ఆయనకొక లెక్కా?

"కుర్చీ అటు తిప్పండి" అన్నాను ఆమెతో.

అన్న ఒప్పుకోలేదు. "గోడను చూస్కుంట కూసోవాల్నా? నేనేం తప్పు చేసిన?" అన్నాడు. ఐనా తిరిగాడు.

మళ్లీ మొదలైంది, కుడి చెవితో. ఈసారి నాకు ఆయన వీపు మాత్రమే కనపడుతోంది. అమ్మాయి మీట నొక్కింది. బటన్ దీపం వెలగలేదు. కూత పెంచింది. వెలగలేదు. ఇంకా పెంచింది. ఆ వీపు చాలా బుద్ధిగా, కదలకుండా, ఎదురుచూస్తూ ఉంది. అలా ఎంతసేపు చూశానో చెప్పలేను. పది నెలల పరాయి దేశం అంత పొడుగ్గా అనిపించలేదు. ఎడమ చెవికి మారాక, కూత బాగా పెంచితే కొన్నిసార్లు దీపం వెలిగింది. ఇంకోసారి కూడా వెలిగింది. కానీ అప్పుడు అమ్మాయి చేయి ఒళ్లో ఉంది.

బయటికి రాగానే అన్న అడిగాడు: "మెషిన్ నడుమల బంద్ చేసిండ్రా? గా సాంచా సప్పుడు తప్ప ఏం రాలేదు."

నేను ఆ మాట చెబితే అమ్మాయి తలెత్తింది. హిందీలో అడిగింది, సాంచాలు ఆగినప్పుడు కూడా ఆ చప్పుడు వస్తుందా అని.

"వస్తది. అందరికీ వస్తది గదా?" అన్నాడు అన్న. అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకోవడం చూసి నా వైపు తిరిగాడు. "ఆదివారం గూడ వస్తది. పక్క గల్లీ ఖాతావోళ్లు ఆదివారం నడిపిస్తున్నరనుకున్న."

"మన ఊరికి పోయినప్పుడు?"

"ఆడ గూడ సాంచాలే గదరా" అన్నాడు. నిజమే. మా వాళ్ల ఊరు సిరిసిల్ల పక్కనే. ఆయన పాపం ఎక్కడికి పోయినా ఆ చప్పుడుకు ఒక కారణం దొరికింది.

ఆ అమ్మాయి నిదానంగా, నోరు బాగా కనపడేలా చెప్పింది. కుడి చెవి చాలావరకు పోయింది, వినికిడి మిషన్ పెడితే కొంత పనికొస్తుంది. ఎడమది సగం ఉంది. పోయింది రాదు. ఉన్నదాన్ని చప్పుడు నుంచి కాపాడుకుంటే ఉంటుంది. చెవుల లోపల పుట్టే ఆ చప్పుడు ఆగుతుందని చెప్పలేను. అన్న ప్రతి మాటనూ ఆమె పెదాల మీద నుంచి జాగ్రత్తగా ఏరుకున్నాడు. ఆటోలో ఇంటికి వస్తూ ఒక్కటే అన్నాడు: "నీకు రాదా? నిజంగా?"

రాదని చెప్పాను. ఎలా ఉంటుందని అడిగాడు. ఏమీ వినపడకపోతే ఎలా ఉంటుంది? చాయ్ కప్పు నిండే ధ్వని గురించి చెప్పాను. ద్రాక్ష పందిరి గురించీ, మూడిళ్లవతలి తలుపు గురించీ చెప్పాను. నేను వచ్చి వారమైనా, ఆ దేశం ఎలా ఉందని అన్న నిజంగా అడిగింది అప్పుడే. డిండోలి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.

బిరడాలు పెట్టుకోమంటే మాత్రం మొండికేశాడు. "చెవులు మూసుకుంటే సాంచా సంగతి ఎట్ల తెలుస్తది?"

"ఇన్నేండ్లు ఎట్ల తెలిసింది? సగం చెవితోనా?"

అది నాకూ తెలియదు. చూద్దామని మర్నాడు ఇద్దరం ఖాతాకు వెళ్లాం. అన్న వరస వెంట నడిచాడు. ఒక సాంచా దగ్గర ఆగాడు. చెవి వంచలేదు. అరచేయి దాని చట్రం మీద పెట్టాడు, ఒంట్లో వేడి చూసినట్టు. తర్వాత వంగి, ఏదో బోల్టు బిగించాడు. పక్కదాని దగ్గరా అంతే. ముందు చేయి, తర్వాత పాన. నేను ఆయన చేతిని చూపించాను. అన్న తన అరచేతిని తానే కాసేపు చూసుకున్నాడు. ఎప్పటి నుంచి అలా చేస్తున్నాడో ఆయనకే తెలియదు.

బిరడాలు పెట్టుకున్నాడు. అందరూ పెదాలే చదివే చోట దానివల్ల ఒక్క మాటైనా పోలేదు. పక్కన ఉన్న ఒడియా మనిషి ఏదో అన్నాడు. అన్న నవ్వి నాకూ ఒక జత ఇచ్చాడు.

మిగిలింది ఖాతా యజమాని శేఠ్. ఎవరో చెప్పి తెలిసేకంటే తానే చెబితే మర్యాద అని అన్న ఆ వారమే ఆయన గదికి వెళ్లాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. శేఠ్ కూడా ఆ ఖాతాలోనే ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్న మనిషి. అన్న తల వంచుకుని, నేల వైపు చూస్తూ, తన చెవుల సంగతి మొత్తం చెప్పాడు. చెప్పడానికి ఆయనకు చాలా కష్టమైంది, నేను చూశాను.

శేఠ్ "క్యా?" అన్నాడు.

అన్న మళ్లీ చెప్పాడు, ఇంకా తల వంచుకునే.

"క్యా?" అన్నాడు శేఠ్. "ఊపర్ దేఖ్ కే బోల్."

అన్న తల ఎత్తి ఆయన్ని చూశాడు. శేఠ్ కళ్లు అన్న నోటి మీద ఉన్నాయి. ఇద్దరూ కొంతసేపు ఒకరి పెదాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత శేఠ్ లేచి తలుపు వేశాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అన్న బయటికి వచ్చి చెప్పింది ఇంతే: "క్లినిక్ అడ్రస్ అడిగిండు. ఆయనింట్ల చెప్పొద్దన్నడు."

మాస్టర్ పని అలాగే ఉంది. పెట్టెలో బిరడాలు తగ్గుతున్నాయి. అన్నవి కాక వేరే చెవులకూ వెళ్తున్నట్టున్నాయి.

కుడి చెవికి మిషన్ పెట్టించిన రోజు అన్న ఇల్లంతా తిరిగాడు. "ఇదేం సప్పుడు?" అన్నాడు వంటింట్లో. ఫ్రిజ్ అని చెప్పాం. మెకానిక్‌ను పిలవమన్నాడు. కొన్నప్పటి నుంచి అలాగే ఉందని చెబితే నమ్మలేదు. నల్లా కింద బకెట్ పెట్టి నింపాడు, పారబోసి మళ్లీ నింపాడు. మెట్ల మీద ఎవరో ఎక్కుతుంటే తలుపు తీసి చూశాడు, మీసాలాయన. అన్న ఆయనను లోపలికి పిలిచి చాయ్ ఇప్పించాడు. ఆయన కారణం అడగలేదు. భయపడ్డట్టు మాత్రం కనపడ్డాడు.

ఆయన వెళ్లాక అన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వదిన పొయ్యి దగ్గర ఉంది.

"ఏమన్న అను" అన్నాడు.

"ఏమనాలె?"

"ఏదన్న. నేను చూస్తలేను."

వదిన గరిటె పట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్లుగా ఆ వీపుకు చెప్పినవి ఆమె దగ్గర చాలానే ఉండి ఉంటాయి. నా వైపు చూసింది. నేను ఖుబానీల డబ్బా వైపు చూశాను, అందులో ఏమీ లేకపోయినా.

"ఓ అయ్యా" అంది చివరికి. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఆఁ" అన్నాడు అన్న, గోడ వైపే చూస్తూ.